తిరుపతిలో ఒక మేడగది, 1971 నాటి ఉత్తరం

దర్శనం గురువారమే అయిపోయింది. శుక్రవారం చంద్రగిరి కోటకు వెళ్తే మ్యూజియానికి ఆ రోజే సెలవు. మీరైతే శుక్రవారం పెట్టుకోకండి. శనివారం మళ్లీ వెళ్లాం. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల రాజమహల్ చూసి తీరాల్సిందే. లోపల అద్దాల వెనక కత్తులు, బాకులు ఉన్నాయి. అవి ఎవరి చేతిలో ఉండేవో చెప్పే మనిషి మాత్రం దొరకలేదు.

బస సంగతి: టీటీడీ వారి విష్ణునివాసం స్టేషన్ ఎదురుగానే, హాయిగా గడిచింది. తర్వాత దిగిన ప్రైవేటు లాడ్జిలో వారాంతమని అద్దె పెంచారు, గీజరు పనిచేయలేదు.

ఆదివారం చూసిందే నా మనసులో నిలిచింది. కొందరు మాజీ సైనికులు ఓ ఇంటి మేడగదిలో తమ దగ్గర మిగిలిన సైనిక జ్ఞాపకాలన్నీ పెట్టి, సొంత ఖర్చుతో నడుపుతున్నారు. టికెట్ లేదు, ముందే ఫోన్ చేసి వెళ్లాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య కిందే ఆగిపోతే, ఒక పెద్దాయన ఆల్బమ్ తెచ్చి "అమ్మా, మీరిక్కడే చూడండి" అని పక్కన కూర్చున్నారు.

పైన గోడకు చిత్తూరు వేణుగోపాల్ గారి ఫొటో. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపి, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఉథలి, దర్శన అనే ఊళ్లను పట్టుకున్నందుకు మహావీర చక్ర శౌర్య పతకం అందుకున్నారు. ఆయన తిరుపతిలోనే ఉండేవారు. ఆ యుద్ధ విజయానికి యాభై ఏళ్లని దేశమంతా తిప్పిన స్వర్ణ విజయ జ్యోతి 2021లో ఇక్కడికి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి స్వయంగా ఇంటికెళ్లి సత్కరించారు. ఊరి పేరే ఇంటిపేరైన మనిషి గురించి నాకు ఇన్నాళ్లూ తెలియనందుకు బాధేసింది.

బల్ల మీద ఒక పూర్వీ స్టార్ (1971లో తూర్పు రంగంలో పనిచేసినవారికి ఇచ్చిన పతకం), దాని పక్కన ఒక ఇన్‌లాండ్ లెటర్. పంపినవారి చిరునామాలో ఊరు లేదు, 99 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అని మాత్రమే ఉంది. "ఎక్కడున్నామో బయటికి తెలియకూడదు కదండీ" అన్నారు అక్కడున్న మాజీ సైనికుడొకరు. మడతల దగ్గర కాగితం చిరుగుతోంది, సిరా వెలుస్తోంది. మంచి కవర్లు, తెలుగులో వివరాలు ఉంటే బాగుండును. మళ్లీ వెళ్లేటప్పుడు కవర్లు నేనే తీసుకెళ్తాను.

కిందికి దిగేసరికి అత్తయ్య ఆయన చేత అలాంటిదే మరో ఉత్తరం చదివించుకుంటోంది. యుద్ధం మాటే లేదు అందులో. "చెనక్కాయలు పీకేశారా, నాన్న దగ్గు ఎలా ఉంది" అని రెండుసార్లు అడిగాడు ఆ ఉత్తరం రాసిన అబ్బాయి.