గాంధీబొమ్మ దగ్గర పాత పుస్తకాల అంగడి, పీఈటీలు తప్పక పోవాల్సిన చోటు

నెల్లూరు గాంధీబొమ్మ దగ్గర సందులో ఉండే ఈ అంగడికి ఎక్కువమంది పోటీ పరీక్షల గైడ్లు, ఇంటర్ పుస్తకాల కోసం పోతారు, అవి ముందరే పేర్చి ఉంటాయి, రేటు కూడా పర్లేదు. అసలు సరుకంతా లోపలి గదిలో ఉండాది.

అంగడాయన అమ్మేది చదివి అమ్ముతాడు. నేను కోవూరు పక్క హైస్కూల్లో పీఈటీ అని తెలిసి "సార్, ఇది మీరు చదవాల" అని అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసిచ్చినాడు. టిండేల్ బిస్కో అనే ఆయన జీవితం. చిన్న మనిషి, 1884లో ఆక్స్‌ఫర్డ్‌తో పడవ పందెంలో కేంబ్రిడ్జి పడవకి చుక్కాని పట్టింది ఈయనే, గెలిచినారు కూడా. తర్వాత ఫాదరీ అయి, 1890లో శ్రీనగర్ మిషన్ స్కూలుకి వచ్చి 1947 దాకా అక్కడే పిల్లలతో గడిపినాడు.

1891లో తోలు ఫుట్‌బాల్ తెస్తే పండిట్ల పిల్లలు మైల, ముట్టుకోం అన్నారంట. టీచర్ల చేతికి కర్రలిచ్చి గ్రౌండ్‌కి తోలించినాడు, ఆటలో ఒకడి మొహానికి బంతి తగిలి మైలపడ్డానని ఏడిస్తే కాలవ దగ్గరికి పంపి కడిగించి మళ్ళీ ఆట మొదలుపెట్టించినాడు. ఆ కర్రలు మాత్రం నాకు నచ్చలా, ఎంత మంచికైనా పిల్లోళ్ళని భయపెట్టి ఆడించకూడదు, పైగా మేమే మీకు మగతనం నేర్పాల అనే దొరల ధోరణి చాలాచోట్ల కనబడతాది. కానీ తెడ్డు వెయ్యడం పడవోళ్ళ పని అని దాన్ని ముట్టని పిల్లలే ఆయన దగ్గర పడవలు నడిపినారు, చివరికి ఆ స్కూలు గుర్తే రెండు తెడ్లు అయింది. ఈత రాని పెద్ద పిల్లోళ్ళకి ఫీజు పెంచేవాడంట! పెన్నా, చెరువులు, కాలవలు ఇన్ని పెట్టుకోని మన స్కూళ్ళలో ఈత ఊసే లేదు.

నన్ను పట్టేసింది మార్కుల సంగతి. చదువుకి మూడో వంతు, ఒంటికి మూడో వంతు, నడవడికకి మూడో వంతు. టెన్త్ పిల్లలకి పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్ మొత్తం లెక్కలకి పోయే చోట పనిచేసేవాడికి ఆ పేజీ చదివితే కడుపు నిండినట్టు ఉంటాది, దాన్ని ఫోటో తీసి మా పీఈటీల గ్రూపులో పెట్టినా.

అంగట్లో ఇబ్బందులు కూడా చెప్పాల, లోపల చీకటి, దుమ్ము, పుస్తకాలకి వరస లేదు, ఆస్తమా ఉన్నోళ్ళు మాస్కు కట్టుకోని పోండి, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తాడు. ఫోన్‌పే తీసుకుంటాడు. బేరమాడితే కొంచెం తగ్గిస్తాడు గానీ అరుదైన పుస్తకాలకి తగ్గడు, అది న్యాయమే. ఆటల పుస్తకాలు లోపల ఎడమ పక్క కింది అరలో ఉండాయి, క్రికెట్‌వే ఎక్కువ, మిగతావి కావాలంటే ఆయన్నే అడగండి.