వంటింట్లో డిజిటల్ కాటా: చాలాకాలం వాడాక

రోజూ అన్నం, పప్పు, కూర వండుకునే ఇంటికి డిజిటల్ కాటా అక్కర్లేదు. కేకులు చేసేవాళ్ళకి, ఏటా ఆవకాయ పెట్టేవాళ్ళకి మాత్రం కొలత కప్పుల సెట్ కన్నా ఇదే మేలు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. కప్పులతో ఇప్పుడు డబ్బాల్లోంచి పిండి తోడుకుంటున్నాం, అంతే.

కప్పుతో ఇబ్బంది అంతా పొడుల దగ్గరే. 240 మి.లీ. కప్పు నిండా నీళ్ళు పోస్తే 240 గ్రాములు తూగుతాయి. పంచదార అయితే 200, మైదా 120 నుంచి 125. అదీ మైదాని చెంచాతో వదులుగా పోసి పైన చదును చేస్తేనే. కప్పుని డబ్బాలో ముంచి తీశారా, 140 దాటిపోతుంది. కేకు గట్టిగా వస్తే ఓవెన్‌ని తిట్టుకుంటాం, పాపం దాని తప్పేం లేదు. పైగా కప్పులన్నీ ఒకటి కావు. అమెరికా కప్పు దాదాపు 237 మి.లీ., మన దగ్గర అమ్మే సెట్లు కొన్ని 240, కొన్ని 250. కరెంటు కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ. మాత్రమే, దాంతో బియ్యం సుమారు 150 గ్రాములు వస్తాయి. వీడియోలో ఆవిడ 'ఒక కప్పు' అంటే ముందు ఏ కప్పో చూసుకోవాలి.

నాకు ఇది నిజంగా పనికొచ్చింది ఆవకాయకే. మా గుంటూరులో మిరపకాయలు కిలోల్లో కొంటాం, తొడిమలు తీసి మిల్లులో పట్టిస్తాం. పచ్చడి దగ్గరికొచ్చేసరికి అత్తయ్యగారి లెక్క సోలల్లోకి మారుతుంది: నాలుగు సోలల ముక్కలకి సోల కారం, సోల ఆవపిండి, ముప్పావు సోల ఉప్పు. అప్పుడే పట్టించిన కారం పొంగులా ఉంటుంది, నాలుగు రోజులు డబ్బాలో ఉంటే కుదురుకుంటుంది. సోల అదే, తూకం వేరు. ఉప్పు సంగతి ఇంకా ఘోరం. కల్లుప్పు గళ్ళ మధ్య సందులుంటాయి కాబట్టి అదే సోలకి మెత్తటి ఉప్పు ఎక్కువ పడుతుంది, పచ్చడి ఉప్పు కషాయమవుతుంది. అందుకని ఆవిడ సోలతోనే ఒక్కొక్కటీ కొలిచి, కాటా మీద తూచి, ఆ గ్రాములు కాగితం మీద రాసి అలమర తలుపు లోపల అతికించాను. ఆవిడ మొదట "ఇదేం చాదస్తం, చేతి అంచనా చాలదూ" అన్నారు. ఇప్పుడు మిల్లుకి ఎన్ని కాయలు పంపాలో ఆ కాగితం చూసే చెబుతున్నారు.

నూనె కూడా అంతే. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి. గానుగ దగ్గర నువ్వుల నూనె కిలో లెక్కన తెచ్చుకుంటే దాదాపు 1.1 లీటరు వస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఒక గ్రాము చొప్పున చూపించే కాటా మీద ఇంగువ, ఈస్ట్ తూచడం దండగ. చిటికెడు చిటికెడు వేస్తుంటే అంకె కదలదు కూడా. వాటికి 5 మి.లీ. చెంచానే దిక్కు. పిండి పోస్తూ ఫోన్ ఎత్తితే కాటా దానంతటదే ఆగిపోతుంది, గిన్నె బరువు తీసేసిన లెక్క పోతుంది. అన్నిటికన్నా విసుగు ఇదే. ఫ్యాన్ గాలికి అంకె ఊగుతుంది. మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి తూచడం అంటే మాటలా! వెడల్పు బేసిన్ పెడితే అంకెలు కనబడవు. బటన్ సందుల్లో కారం దూరితే కడగడానికి లేదు, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి వాడుతున్నాను.

కొనేటప్పుడు రిమోట్‌లో వేసే సెల్లు పట్టేది చూసుకోండి, ఏ కొట్లో అయినా దొరుకుతాయి. ఇంటికి రాగానే అర లీటరు నీళ్ళు కొలిచి పోస్తే 500కి దగ్గరగా చూపించాలి, మరీ తేడా ఉంటే వెనక్కి పంపేయండి. పచ్చడి కోసమే అయితే 5 కిలోలది వద్దు, 10 కిలోలది తీసుకోండి. బటన్ నొక్కి అంకెను సున్నా చేసినా, బేసిన్ బరువు ఆ 5 కిలోల్లోంచే పోతుంది.