పరువు తీస్తానన్న బెదిరింపుకు ముందే అడ్డుకట్ట: స్టాప్ ఎన్‌సీఐఐ సేవపై సమీక్ష

కోపంలో నోరు జారడం వేరు, ఒకరి పరువు తీయాలన్న పగతో వారి ఏకాంత చిత్రాలను నెలల తరబడి దాచి ఉంచడం వేరు. కోపం చల్లారుతుంది, పగకు మాత్రం ఎదుటివారి బాధే కావాలి. "అందరికీ పంపిస్తాను" అని బెదిరించేవారి బలమంతా ఎదుటివారి భయంలోనే ఉంటుంది కనుక, ఫోటో ఒక్కరికీ చేరకముందే హింస మొదలవుతుంది. ఈ సంగతిని సరిగ్గా గ్రహించిన ఉచిత ఆన్‌లైన్ సేవ స్టాప్ ఎన్‌సీఐఐ (ఎన్‌సీఐఐ అంటే అనుమతి లేకుండా పంచే ఏకాంత చిత్రాలు). బ్రిటన్‌లోని ఎస్‌డబ్ల్యూజీఎఫ్‌ఎల్ అనే స్వచ్ఛంద సంస్థ దీనిని 2021 డిసెంబరులో ప్రారంభించింది.

బాధితులు తమ ఫోన్‌లోని ఫోటోను ఎంచుకుంటే, వేలిముద్ర వంటి ఒక అంకెల గుర్తు అక్కడికక్కడే తయారవుతుంది. ఆ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్ వంటి భాగస్వామ్య సంస్థలకు చేరుతుంది. అదే చిత్రం అక్కడ కనిపిస్తే ఆ సంస్థ పరిశీలించి, తన నియమాలకు విరుద్ధమైతే తొలగిస్తుంది. అసలు ఫోటో ఫోన్ దాటిపోదు. ఫిర్యాదు చేయాలంటే ఆ చిత్రాన్ని మరో అపరిచితుడికి చూపవలసి వస్తుందేమోనన్న బెరుకుతోనే ఎందరో మౌనంగా ఉండిపోతారు; ఆ బెరుకును తొలగించడమే ఈ సేవలోని గొప్పతనమని నేను దృఢంగా నమ్ముతాను. కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీ చిత్రాలకూ ఇది వర్తిస్తుంది.

పరిమితులు చిన్నవి కావు. చిత్రం మన దగ్గర ఉంటేనే గుర్తు తయారవుతుంది కాబట్టి, రహస్యంగా చిత్రీకరించి తన వద్దే ఉంచుకున్న దుర్మార్గుడి విషయంలో ఈ సేవ నిస్సహాయం. అత్యంత క్రూరమైన సందర్భాలు అవే కావడం నన్ను కలచివేస్తుంది. ఫోటోను కత్తిరించినా, ఫిల్టర్ వేసినా గుర్తు మారిపోవచ్చు. వాట్సాప్ సంభాషణల్లో తిరిగే చిత్రాలను ఇది ఆపలేదు. 18 ఏళ్ల వయసు నిండకముందు తీసిన చిత్రాలకు ఇది వర్తించదు; వాటికి టేక్ ఇట్ డౌన్ అనే మరో సేవ ఉంది. కేసు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి కేసు నంబరుతో పాటు ఇచ్చే పిన్ పోగొట్టుకుంటే తిరిగి దొరకదు.

నేరస్థుడిని శిక్షించడం దీని పని కాదు. అనుమతి లేకుండా ఒకరి నగ్నచిత్రాన్ని తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలపై జరిగే ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండానే నివేదించవచ్చు. తెలంగాణలో షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. అందుకే ఈ సేవను వాడుకోమని నిస్సంకోచంగా సూచిస్తూనే, బెదిరింపు సందేశాలను చెరిపివేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచమని కోరుతున్నాను.