ఊపిరి పాఠం సరే, అసలు పని స్పీకర్‌దే

మా పాప తైక్వాండో ఆడతాది. క్లబ్బులో కాలు తలదాకా లేపేస్తాది. పోటీ రోజు మాత్రం ఇడ్లీ ముక్క గొంతు దిగదు, అరచేతులు చెమటలు, మ్యాట్ ఎక్కినాక వెనక్కి వెనక్కి పోయి గీత దాటేస్తాది. గీత దాటితే గామ్-జోమ్ అని తప్పు రాస్తారు, ఎదుటి పిల్లకు ఊరికే ఒక పాయింటు. అందుకే బాలాజీ కాలనీలో ఆటల పిల్లలకని ఒక మేడం నడిపే మైండ్ ట్రైనింగ్ క్లాసులో చేర్పించినాము. మేడ మీద రేకుల షెడ్డు. మధ్యాహ్నం బ్యాచ్‌కి మాత్రం చేరొద్దండి, తిరపతి ఎండకు ఆ రేకుల కింద ఏకాగ్రత కాదు, ప్రాణమే నిలవదు.

మొదట 27 ప్రశ్నల కాగితం నింపించినారు. రైనర్ మార్టెన్స్ బృందం 1990లో అచ్చేసిన పద్ధతంట. మనసులో దిగులు, ఒంట్లో కంగారు, తనమీద తనకు నమ్మకం, మూడింటికీ వేరేవేరే మార్కులు. చెమటలు చూసి ఇదంతా ఒంటి సంగతే అనుకుంటిమి. దిగులు మార్కులే ఎక్కువొచ్చినాయి. "ఓడిపోతే మాస్టర్ ఏమంటాడో" అనేది దాని బాధ. ఒంటి కంగారుకు ఊపిరి నిదానంగా వదలడం, కండరాలు బిగించి సడలించడం పనిచేస్తాయి, దిగులుకు అది చాలదని మేడమే చెప్పింది. ఈ మాట నచ్చింది నాకు.

తర్వాత నూరు గళ్ళ కాగితం. 00 నుంచి 99 దాకా చెల్లాచెదురుగా ఉంటాయి, నిమిషంలో వరసగా ఎన్ని వెతికితే అన్ని. మా పాప అందులో ఆరితేరింది. ఆటలో ఏమీ మారలా. గళ్ళు వెతికితే గళ్ళు వెతకడమే వస్తాదని నా అభిప్రాయం.

డబ్బులు గిట్టింది స్పీకర్ దగ్గర. నేలమీద టేపుతో చదరం అంటించి, పోటీల్లో రికార్డు చేసిన ఈలలు, అరుపులు గట్టిగా పెట్టి ఆడిస్తారు. "మొదటి రౌండు పోయింది" అని బోర్డు మీద రాసి, పిల్లను నిమిషం స్టూలు మీద కూర్చోబెడతారు. 2022 నుంచి మూడింట్లో రెండు రౌండ్లు గెలిచినోళ్ళదే ఆట, పోయిన రౌండు పాయింట్లు ముందుకు రావు. పిల్లల తలలోనే అవి వస్తాయి. ఆ నిమిషంలో ఒకే మాట తలచుకోవాల: మా పాపకు "ముందు కాలు".

మొన్న పోటీలో మొదటి రౌండు పోగొట్టుకుని, రెండోది గెలిచి, మూడోది ఓడింది. పతకం రాలా, గీత మాత్రం దాటలా.

పెద్దోళ్ళకూ ఒక క్లాసుంది: గ్యాలరీలోంచి అరవొద్దని. మా ఆయన వాదనకు దిగినాడు, మేడం తగ్గలా.

పడుకునేటప్పుడు వినే ఆడియోకి వేరే డబ్బులు తీసుకోవడం అన్యాయం. అలలు, పిట్టలు, రెండు నిమిషాలకే గురక. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకుంటారు. ఐదుకు మూడున్నర స్టార్లు. ఆ ఆడియో ఎత్తేసి ఇంకో స్పీకర్ కొంటే నాలుగిస్తా.