ట్రాయ్, కింగ్ ఆర్థర్: ఎవరి అబద్ధం పెద్దది?

2004లో కొద్ది వారాల తేడాతో హాలీవుడ్ రెండు ప్రాచీన గాథలను భారీ ఖర్చుతో తెరకెక్కించింది: ట్రాయ్ నగరంపై గ్రీకుల యుద్ధం ఒకటి, బ్రిటన్ వీరరాజు ఆర్థర్ కథ రెండోది. మహిమలను పక్కన పెట్టి, ‘ఇలాగే జరిగి ఉంటుంది’ అనిపించాలని రెండూ చూశాయి.

ట్రాయ్ పదేళ్ల యుద్ధాన్ని కొద్ది రోజులకు కుదించింది. గాథలో గ్రీకు రాజు మెనెలాస్, ట్రాయ్‌కు వెళ్లిపోయిన తన భార్య హెలెన్‌తో ఇంటికి చేరతాడు. సినిమాలో ట్రాయ్ యువరాజు హెక్టర్ చేతిలో చస్తాడు. సొంత ఇంట్లో భార్య కుట్రకు బలి కావలసిన అతని అన్న, గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్ ట్రాయ్‌లోనే హతమవుతాడు. శవాల కళ్ల మీద నాణేలు పెట్టడం మరీ విడ్డూరం. నాణేలు పుట్టింది కొన్ని శతాబ్దాల తర్వాత. అయినా నాకు కోపం రాలేదు. గ్రీకు కవి హోమర్ చెప్పిన కథను ఇంకొకరు మార్చి చెప్పారు, అంతే. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదని మాయాబజార్‌ను మనం తప్పుపట్టామా?

కింగ్ ఆర్థర్ సంగతి వేరు. అసలు ఆర్థర్ ఎవరో పురావస్తు ఆధారాలు చెబుతున్నాయని మొదట్లోనే అక్షరాలు వేసింది. కథాకాలం క్రీ.శ. 467. బ్రిటన్‌లో రోమన్ పాలన 410 ప్రాంతంలోనే ముగిసింది. సినిమాలో మాత్రం రోమన్లు అప్పుడే మూటాముల్లె సర్దుకుంటూ ఉంటారు. నాయకుడికి పేరు అరువిచ్చిన ఆర్టోరియస్ కాస్టస్ అనే రోమన్ అధికారి అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందువాడు. జర్మనీ వైపు నుంచి బ్రిటన్‌కు వచ్చిన సాక్సన్లు స్థిరపడింది తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో. సినిమా వారిని, ఉత్తర బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకు ఉత్తరాన దించింది. గోడ దగ్గర యుద్ధం చూపించాలి కదా మరి!

చూడాలంటే ట్రాయే నయం, హెక్టర్‌కూ గ్రీకు వీరుడు అకిలీస్‌కూ జరిగే ద్వంద్వయుద్ధం కోసమైనా. రెండో సినిమాలో ఆ మొదటి వాక్యాలు తీసేస్తే నా ఫిర్యాదు సగం పోతుంది.