ఎర్ర గళ్ళ గుడ్డ, అత్తగారి తువ్వాలు: మే నెల విశాఖలో మూడు రోజులు

దిండు గలేబు మీద ఎర్ర మరక పడిందని లాడ్జి వాడు మా అడ్వాన్సులోంచి 300 రూపాయలు మినహాయించుకున్నాడు. ఆ మరక వేసిన గుడ్డ బీచ్ రోడ్డులో 450 పెట్టి కొన్నది. అంటే తలకు చుట్టుకునే ఒక్క గుడ్డకి మాకు తేలిన ఖర్చు 750. ఇంట్లోంచి ఊరికే తెచ్చుకున్న తువ్వాలు మాత్రం మూడు రోజులూ మా ముగ్గురినీ కాపాడింది. కడుపుమంట ఆగక రాస్తున్నాను, కొండలూ గుడీ దారిలో వస్తాయి.

మేలో వైజాగ్ ఏమిటని అడక్కండి. పిల్లల్ని సెలవులకి శ్రీకాకుళంలో అత్తగారింట్లో దింపాం, హైదరాబాదు తిరుగు ప్రయాణానికి మూడు రోజులు మిగిలాయి. నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ. ముగ్గురం కలిసి కొండలెక్కి ఎన్నేళ్ళయిందో! బయల్దేరుతుంటే అత్తగారు బీరువాలోంచి మామగారి పాత పొందూరు తువ్వాలు తీసి చేతిలో పెట్టారు. "టోపీలు ఏటీ ఆగవు అల్లుడుగారూ, ఇది తలకి సుట్టుకోండి" అన్నారు. పొందూరు నేత సంగతి చాలామందికి తెలుసు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికి నేసిన నూలు. ఇది ఎన్ని ఉతుకులు చూసిందో గానీ, అంచు ఒక పక్క నలిగిపోయి, పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది.

బావమరిది నవ్వాడు. "బావా, అది చుట్టుకుంటే నువ్వు కొబ్బరిబోండాలు కొట్టేవాడిలా ఉంటావు." కొబ్బరిబోండాలు కొట్టేవాడు రోజంతా ఎండలోనే నిలబడతాడు కదా, వాడికి తెలియనిది నీకేం తెలుసురా అనాలనుకున్నాను. అత్తగారి ముందు ఎందుకులే అని ఊరుకున్నాను.

ఆర్టీసీ కాంప్లెక్సుకి దగ్గర్లో లాడ్జి. ఏసీ గది, ముగ్గురికి 1,800. ఏసీ తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, గది చల్లబడదు. కిందికెళ్ళి చెబితే కౌంటర్లో ఉన్నాయన తలెత్తకుండా, "కిటికీ తీసుకోండి సార్, సముద్రం గాలి వస్తుంది" అన్నాడు. తీశాను. మూడడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ. ఆ గోడకి ఇంకో ఏసీ పెట్టె, దాని వేడిగాలి నేరుగా మా మొహాల మీదికి. ఒళ్ళు తుడుచుకునే టర్కీ టవలు ఒక్కోటి 50 అద్దె. మా ఆవిడ ఆ టవల్ని వాసన చూసి మంచం మీద పడేసి, మర్నాడు వేరే చోటికి మారేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. గది బుక్ చేసింది నేనే కాబట్టి అందులో న్యాయం ఉంది.

ఆ సాయంత్రమే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ బావమరిది ఒక బండి దగ్గర ఆగాడు. ఎర్ర గళ్ళ చదరపు గుడ్డలు, అంచుల్లో కుచ్చులు. అరబ్బులు తలకి చుట్టుకునేవి, షెమాగ్ అంటారు. ఇప్పుడు కొండలెక్కేవాళ్ళ వీడియోల్లో ఎక్కడ చూసినా ఇవే. అసలు గుడ్డని తప్పుపట్టడానికి లేదు. గజానికి పైగా పొడవు, అంతే వెడల్పు ఉన్న నూలు గుడ్డని మూలకి మడిచి తలమీద వేస్తే మెడ, చెవులు, బుగ్గలు కప్పుతుంది, ఇసుక లేస్తే ముక్కు మీదికి లాక్కోవచ్చు. ఎడారిలో పుట్టిన తెలివి అది. వాడు 650 చెప్పాడు, 450కి ఇచ్చాడు. "హండ్రెడ్ పర్సెంట్ కాటన్ అన్నా, ఉతికే కొద్దీ మెత్తబడుద్ది."

మర్నాడు పొద్దున్నే భీమిలి రోడ్డులో తొట్లకొండ. మలుపు దగ్గర బస్సు దిగి నడిచాం. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం గాలిలోంచి సర్వే చేస్తుంటే కంటపడిన బౌద్ధ క్షేత్రం ఇది. 1988లో తవ్వకాలు మొదలయ్యాక స్తూపం, విహారాలు బయటపడ్డాయి. ఎత్తు 128 మీటర్లే. కానీ మే నెలలో ఆ తారురోడ్డు మీద ఎనిమిదిన్నరకే చెప్పుల్లోంచి సెగ తగులుతుంది. పైన నీడ పెద్దగా లేదు. భిక్షువులు రాతిలో నీటి తొట్లు తొలిచారు కాబట్టి తొట్లకొండ అయింది. ఎండ సంగతి వాళ్ళకి మనకంటే ముందే తెలుసన్నమాట.

సగం దూరంలోనే బావమరిది మొహం కందగడ్డయింది. గుడ్డ పీకి చూస్తే లోపల చెమట అలాగే కారుతోంది. నూలు గుడ్డయితే చెమటని పీల్చి బయట ఆరబెడుతుంది. ఇది పీల్చదు, లోపలి గాలిని బయటికి పోనివ్వదు. తలమీద ప్లాస్టిక్ సంచి వేసుకున్నట్టే. పైకెళ్ళాక తువ్వాలు మీద అర లీటరు నీళ్ళు గుమ్మరించి, పిండి, వాడి తలకి నేనే చుట్టాను. సముద్రం వైపు నుంచి గాలి బాగా వీస్తోంది. రెండు నిమిషాల్లో వాడి గొంతు మారిపోయింది. "బావా, చెవులు కూడా చల్లబడ్డాయి!" కొబ్బరిబోండాల మాట మళ్ళీ ఎత్తలేదు. నా తువ్వాలు కూడా తిరిగి ఇవ్వలేదు. నేను చేతిరుమాలు నెత్తిన వేసుకుని దిగాను.

ఆ మధ్యాహ్నం ఎర్ర గుడ్డని తడిపి పిండి, ఆరుతుందని దిండు మీద పరిచి పడుకున్నాడు. లేచి చూస్తే గలేబంతా కుంకుమబొట్టు చెరిగినట్టుంది. 300 వాయింపు అయ్యాక, కింద టీ బండి దగ్గర అగ్గిపెట్టె అడిగి ఆ గుడ్డ కుచ్చులోంచి ఒక పోగు, మా తువ్వాలు అంచులోంచి ఒక పోగు లాగి అంటించాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. అసలు నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడైపోతుంది. అత్తగారి తువ్వాలు పోగు అలాగే కాలింది. ఎర్ర గుడ్డ పోగు నల్ల పొగ వదిలి, ముడుచుకుని, చివర గట్టి పూసలా మిగిలింది. పాలియెస్టర్ కలిసిందే. టీ బండాయన తీరిగ్గా చూసి, "దాన్ని నన్నడిగితే నేనే సెప్పీవోణ్ణి కదండీ" అన్నాడు. కొనేటప్పుడు ఆయన అక్కడ లేడు మరి.

గది మార్చాం. ఎంవీపీ కాలనీ వైపు, 2,200. ఏసీ పని చేసింది, ఇడ్లీ వేడిగా ఉంది. మా ఆవిడ మాటలు మొదలయ్యాయి.

ఇక మాధవధార. వైజాగ్‌లో ఒక్కపూట నడకకి సమయం ఉంటే ఇక్కడికే వెళ్ళమంటాను. సింహాచలం కొండకి ఇటుపక్క అడుగున, నిజంగానే ధార పడే చోటు. వేణుమాధవస్వామి గుడి ఉంది. అక్కణ్ణించి పాత మెట్లదారిలో కొండెక్కి అవతలికి దిగితే అప్పన్న సన్నిధి. అందరూ అటు తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర్నుంచి ఎక్కుతారు, లేదా బస్సులో పోతారు. మేం అయిదున్నరకే ఆటో ఎక్కాం, 220 తీసుకున్నాడు. పొద్దున్నే మీటరు మాట ఎత్తితే తిరిగి చూడరు.

కొండ మొదట్లో ఒక పెద్దావిడ కుండతో రాగి అంబలి అమ్ముతోంది. గ్లాసు 20. మజ్జిగ కలిపి, ఉప్పేసి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. హైదరాబాదు మాల్‌లో ఇదే అంబలిని గాజు సీసాలో పోసి 140కి అమ్మడం చూశాను. మా ఆవిడ రెండు గ్లాసులు తాగింది, నేను మూడు. ఈ మూడు రోజుల్లో తిన్నవాటిలో, తాగినవాటిలో దీనికే మొదటి మార్కు. బీచ్ రోడ్డులో 1,150 బిల్లు కట్టిన రొయ్యల వేపుడుకి ఆఖరి మార్కు.

తొట్లకొండ అనుభవంతో నేను ధార దగ్గర తువ్వాలు ముంచి తలకి చుట్టాను. అంబలి ఆవిడ చూసి, "ఏటి బాబూ, ఇప్పుడే తడిపేస్తన్నావు? గాలున్న కాడ తడపాల" అంది. నాకు తెలుసులే అనుకున్నాను. చెట్ల మధ్య పదిహేను నిమిషాలు ఎక్కేసరికి తలమీద ఇడ్లీ పాత్ర మూత పెట్టినట్టయింది. గాలి లేదు, ఉక్క. తడి ఎక్కడికీ పోదు, ఒంటి వేడికి కాగి ఆవిరి పట్టినట్టు. విప్పి, పిండి, భుజాన వేసుకుంటే గానీ ఊపిరి ఆడలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు, మన కూజా కథే. తడి ఆవిరయితేనే చల్లదనం. రెంటచింతల ఎండకి కూజాలో నీళ్ళు జిల్లుమంటాయి, వైజాగ్ ఉక్కలో అదే కూజా ఊరికే చెమర్చి కూర్చుంటుంది. గాల్లో తడి నిండినప్పుడు గుడ్డలో తడికి చోటుండదు. పడమటి గాడ్పు కొట్టే రోజున ఎక్కడ తడిపినా పనిచేస్తుంది. సముద్రం గాలి నిలిచిపోయిన ఉక్క రోజున పొడిగా, వదులుగా వేసుకుని, చెమట పీల్చుకోనివ్వడమే మంచిది. గట్టు మీదికి చేరి గాలి తగిలాక తడపాలి. ఇంతా నేర్పింది 20 రూపాయల అంబలి అమ్మే ఆవిడ.

ధార నీళ్ళు బావమరిది తువ్వాలులో వడగట్టి సీసాలో నింపుకున్నాడు. ఆకులు, నలుసులు ఆగుతాయి, అంతవరకే. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలు చీరని మడతలు పెట్టి చెరువు నీళ్ళు వడగట్టిస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ఒక అధ్యయనం వచ్చింది. అదీ కలరా క్రిములు నీటిలోని సన్నని పురుగులకి అంటుకుని ఉంటాయి కాబట్టి. మిగతా జబ్బులకి ఆ లెక్క పనిచేయదు. ఆ సీసా మేం మొహాలు కడుక్కోవడానికే వాడాం. తాగడానికి మోసుకెళ్ళినవి మనిషికి రెండు లీటర్లు, దిగేసరికి చుక్క మిగల్లేదు. గుడ్డ చుట్టుకున్నాం కదా అని నీళ్ళు తగ్గించకండి, వడదెబ్బ పాగా చూసి ఆగదు.

మెట్లు కొన్నిచోట్ల విరిగి, రాళ్ళు దొర్లి ఉన్నాయి. ఇంకొంత ఎక్కుదాం అనుకునే చోట మా ఆవిడ సంచి పట్టీ తెగింది. నేను, బావమరిది ఆ సంచి ఎవరు మోయాలని చూపులతోనే తగువు పడుతున్నాం. తను ఏమీ అనకుండా నా భుజం మీది తువ్వాలు లాక్కుని, మెలితిప్పి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దానిమీద సంచి పెట్టుకుంది. చెయ్యి కూడా వెయ్యకుండా నడిచింది! చిన్నప్పుడు బావి నీళ్ళు అలాగే మోసేదాన్ని అంది. పదమూడేళ్ళ కాపురంలో నేనా విద్య చూడలేదు. ముందు నడుస్తూ, మమ్మల్ని వెనక్కి తిరిగి చూసి నవ్వుతూ, పైదాకా అలాగే ఎక్కింది.

గట్టు మీద గాలి. తువ్వాలు తడిపి ముగ్గురం వంతులేసుకుని చుట్టుకున్నాం, మనిషికి పది నిమిషాలు. పల్చటి నేత కాబట్టి పొద మీద పరిస్తే ఇట్టే ఆరిపోయేది. లాడ్జి వాడి టర్కీ టవలైతే సాయంత్రం దాకా నీళ్ళోడుతూ ఉండేది. విశ్రాంతులతో కలిపి గంటా ముప్పావు పట్టింది. అవతల దిగుతుంటే సంపెంగ వాసన. సింహాచలం సంపెంగల పేరు ఊరికే రాలేదు. పనస తొనలు 30 రూపాయలకి ఆకునిండా ఇచ్చారు, తువ్వాల్లో మూటగట్టాం. గుళ్ళోకి పాగాతో వెళ్ళకూడదు కాబట్టి తొనలు బావమరిది చేతికిచ్చి, తువ్వాలు దులిపి ఉత్తరీయంలా వేసుకున్నాను. పనస వాసనతో దర్శనం. వంద రూపాయల టికెట్టు, గంటలోపే అయిపోయింది. బయట రాతి పలకల మీద కాళ్ళు కాలినప్పుడు మాత్రం తువ్వాలు ఏమీ చేయలేకపోయింది. దేవుడి ముందు అందరం గెంతుతూనే పరుగెత్తాం.

మూడో రోజు కైలాసగిరి రోప్‌వే, బీచ్, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్. బాగుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బీచ్ బండ్ల దగ్గర తలగుడ్డ కొనకండి. చేనేత సహకార దుకాణంలోనో ఖాదీ దుకాణంలోనో పల్చటి నేత, లేత రంగు, గజంన్నర పైన పొడవున్నది అడగండి. కొన్నాక రెండుసార్లు ఉతికి బయల్దేరండి, గంజి పోతుంది, రంగు వదిలేదైతే ఇంట్లోనే వదులుతుంది. డిసెంబరులో లంబసింగి వెళ్తే ఈ సలహాలన్నీ తిరగేసి చదవండి. ఆ చలిలో తడి నూలు ఒంటిమీద ఉంటే వణుకు తప్పదు, అక్కడ ఉన్నిదే కావాలి.

అత్తగారి తువ్వాలు బావమరిది దగ్గరే ఉండిపోయింది. అడిగితే "అది మా నాన్నది బావా" అంటున్నాడు, కాదనలేను. ఎర్ర గుడ్డ నాకు మిగిలింది. స్కూటర్ తుడవడానికి పెట్టాను. నీళ్ళు పీల్చదు, దానిక్కూడా పనికిరాలేదు.