తలంబ్రాల దగ్గర ఫోన్ ఎందుకు ఓడుతుంది: కెనాన్ ఈఓఎస్ ఆర్50, రెండు లెన్సులతో

కోఠిలో కెమెరా షాపుకు వెళ్లి "ఫోన్ నుంచి మారదామనుకుంటున్నాం, మొదటి కెమెరా ఏది?" అని అడిగితే కౌంటర్ మీదకు వచ్చే పెట్టెల్లో కెనాన్ ఈఓఎస్ ఆర్50 ఒకటి. 2023లో వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది, లెన్స్ మార్చుకోగలిగేది). బ్యాటరీ, కార్డు కలిపి 375 గ్రాములు. కిట్‌లో వచ్చే 18-45 ఎంఎం లెన్స్ ఇంకో 130 గ్రాములు. బాడీ మంచిదే. చిక్కంతా ఆ కిట్ లెన్స్‌తోనే.

"సెన్సర్ పెద్దది, రాత్రి ఫొటోలు అదరగొడుతుంది" అని షాపులో చెప్పే మాట సగమే నిజం. ఆర్50 సెన్సర్ (వెలుతురును పట్టే చిప్) 22.3 × 14.9 మిల్లీమీటర్లు, అంటే 330 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. మంచి ఫోన్‌లో మెయిన్ కెమెరా సెన్సర్ దాదాపు 70 ఉంటుంది. నాలుగున్నర రెట్లు తేడా. కానీ లెన్స్ ఎంత తెరుచుకుంటుందో కూడా చూడాలి, ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ. ఫోన్ లెన్స్ ఎఫ్/1.8 దగ్గర తెరుచుకుంటే ఈ కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర ఎఫ్/4.5 దాటి తెరుచుకోదు. దానివల్ల లోపలికొచ్చే వెలుతురు ఆరు రెట్లకు పైగా తగ్గుతుంది. సెన్సర్‌తో సంపాదించింది లెన్స్ దగ్గరే ఖర్చయిపోయి, పైగా కొంచెం అప్పు కూడా మిగులుతుంది. ఫోన్ అక్కడితో ఆగకుండా వరసగా బోలెడు ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి నాయిస్ (చీకటి ఫొటోల్లో కనిపించే ఇసుకలాంటి చుక్కలు) తుడిచేస్తుంది. అందుకే రాత్రి పది గంటలకు చార్మినార్ ముందు చేత్తో పట్టుకుని తీస్తే, కిట్ లెన్స్ వేసిన ఆర్50 కంటే ఫోన్ ఫొటోయే శుభ్రంగా వస్తుంది. లెన్స్‌లోని ఐఎస్‌ను (చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు) నమ్ముకుని షట్టర్‌ను, అంటే వెలుతురు లోపలికొచ్చే సమయాన్ని, 1/8 సెకనుకు దించవచ్చు. కట్టడం నిలకడగా పడుతుంది, కింద నడిచే జనం మాత్రం దయ్యాల్లా సాగుతారు.

లాడ్ బజార్ లాంటి ఇరుకు సందులోనూ ఇదే కథ. కిట్ లెన్స్ 18 ఎంఎం అంటే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్) లెక్కన 29. ఈ అంకె ఎంత చిన్నదైతే దృశ్యం అంత వెడల్పు. ఫోన్ మెయిన్ కెమెరాయే 24 దగ్గర ఉంటుంది, అల్ట్రావైడ్ 13 దాకా పోతుంది. గాజుల కొట్టు మొత్తం ఒక్క ఫ్రేములో పట్టాలంటే కెమెరాతో వెనక్కి జరగాలి, వెనక స్కూటీ ఉంటుంది.

మరి కెమెరా ఎందుకు? కదిలే వాటి కోసం. తలంబ్రాలే తీసుకోండి. ఫంక్షన్ హాల్ వెలుతురులో ఫోన్ షట్టర్‌ను నెమ్మది చేస్తుంది, పైగా చాలా ఫ్రేములు కలుపుతుంది. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య బియ్యపు గింజలు చోటు మారిపోతాయి కదా, కలిపేసరికి కొన్ని పసుపు గీతలవుతాయి, కొన్నిటిని సాఫ్ట్‌వేర్ మరకలనుకుని నున్నగా తుడిచేస్తుంది. పెళ్లికూతురు దోసిలి ఎత్తి ఉంటుంది, గాల్లో గింజలే ఉండవు. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం లాంటివి చేతులు కాసేపు ఆగే ఘట్టాలు కాబట్టి ఫోన్‌కు అందుతాయి. తలంబ్రాలు అందవు.

ఇక్కడ కావలసింది 1/500 సెకను. కిట్ లెన్స్‌ను 45 ఎంఎంకు జూమ్ చేస్తే అది ఎఫ్/6.3కి మూసుకుంటుంది, ఐఎస్ఓ (సెన్సర్ పట్టిన వెలుతురును పెంచి చూపే అంకె) 12,800 దాటితే తప్ప చాలదు, ముఖాలు ఇసుక చల్లినట్టుంటాయి. అదే బాడీకి కెనాన్ మిర్రర్‌లెస్ లెన్సుల వరస ఆర్ఎఫ్‌లోని 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం వేస్తే వెలుతురు 12 రెట్లు పెరుగుతుంది. ఐఎస్ఓ 1000-1600 మధ్య పని అయిపోతుంది. 160 గ్రాముల లెన్స్, కెనాన్ ఆర్ఎఫ్ లెన్సుల్లో చవకైన వాటిలో ఒకటి. ఈ రివ్యూలో చెప్పదగ్గ అప్‌గ్రేడ్ ఇదే. బాడీ మార్చాలన్న దురద దీని తర్వాతే.

జడ ఫొటోలోనూ తేడా తెలుస్తుంది. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ మనిషి చుట్టూ గీత గీసి వెనకదాన్ని మసక చేస్తుంది. ఆ గీత మల్లెపూల దండ అంచు దగ్గర, జుంకాల సందుల్లో, నుదుటి మీద ఎగిరే వెంట్రుకల దగ్గర తడబడుతుంది. సగం మల్లెపూలు వెనక గోడలో కలిసిపోతాయి. 50 ఎంఎం లెన్స్ మసక అసలైనది, గీత గీసే పనే లేదు.

అయితే ఈ లెన్స్‌కు కొన్ని షరతులున్నాయి. ఆర్50 మీద ఇది 80 ఎంఎం లెక్క. కెమెరా నిలువుగా పట్టుకుంటే రెండు మీటర్ల దూరం నుంచి నడుము పైభాగమే పడుతుంది, నిలువెత్తు మనిషికి నాలుగున్నర మీటర్లు కావాలి. అపార్ట్‌మెంట్ హాల్లో సీమంతానికి అంత చోటు దొరకదు. ఫోకస్ లోతు కూడా చూసుకోవాలి. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండేది ముందూ వెనకా కలిపి 11 సెంటీమీటర్లే. ఐ-డిటెక్షన్ (కన్నును వెతికి ఫోకస్ చేసే సదుపాయం) పెళ్లికూతురి కన్ను పట్టుకుంటే, జానెడు వెనక కూర్చున్న పెళ్లికొడుకు మసకబారతాడు. ఇద్దరుంటే ఎఫ్/4 పెట్టండి, దాదాపు 24 సెంటీమీటర్లు దొరుకుతాయి. ఈ లెన్స్‌లోనూ ఐఎస్ లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. చెయ్యి వణుకు కనబడకుండా 1/125 కంటే కిందికి దిగకపోవడం మేలు.

సెట్టింగ్ సులువే. మోడ్ ఎం (మాన్యువల్), ఎఫ్/1.8 లేదా ఎఫ్/4, షట్టర్ 1/250 (తలంబ్రాలకు 1/500), ఐఎస్ఓ ఆటో, గరిష్ఠం 6400. స్టేజి మీద ఎల్ఈడీ లైట్లుంటే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు రావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. అప్పుడు 1/125 మాట పక్కనపెట్టి, చెయ్యి బిగబట్టి షట్టర్ 1/100కు దించితే చారలు తగ్గుతాయి, అంత నెమ్మదిలో తలంబ్రాల గింజలు మాత్రం గీతలవుతాయి. సైలెంట్ షట్టర్ పెట్టుకుంటే ఈ చారలు ఇంకా ఎక్కువ, ఫంక్షన్ హాల్లో దాని జోలికి పోవద్దు. డప్పుల మోతలో క్లిక్ శబ్దం ఎవరికి వినపడుతుంది గనక!

బాడీ మీద ఫిర్యాదులు ఉన్నాయి. డయల్ ఒక్కటే, ఎం మోడ్‌లో షట్టర్, అపర్చర్ (ఎఫ్ అంకె) రెండూ మార్చాలంటే మధ్యలో బటన్ నొక్కుతుండాలి. పైన ఫ్లాష్ బిగించే షూలో పాత తరహా కాంటాక్టులు లేవు. ఇంట్లో ఉన్న పాత ఫ్లాష్ పనిచేయాలంటే ఏడీ-ఈ1 అడాప్టర్ విడిగా కొనాలి, ఇది కౌంటర్ దగ్గర ఎవరూ ముందు చెప్పరు. కార్డు స్లాట్ ఒక్కటే. ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ ఒక్కటి చాలదు, ముహూర్తం నుంచి అప్పగింతల దాకా రెండు బ్యాటరీలు ఉండాల్సిందే.

కిట్ లెన్స్ స్థానంలో జూమ్ కావాలనుకుంటే 2024లో ఈ మౌంటుకు (లెన్స్ బిగించే వలయానికి) వచ్చిన సిగ్మా 18-50 ఎంఎం ఎఫ్/2.8 ఉంది. 45 ఎంఎం దగ్గర కిట్ లెన్స్ కంటే ఐదు రెట్ల వెలుతురు, గ్రూప్ ఫొటోకు వైడ్ కూడా. ధర మాత్రం 50 ఎంఎం కంటే చాలా ఎక్కువ. ఇంట్లో పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్ తాలూకు ఈఎఫ్ లెన్సులుంటే ముందు ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ కొనండి, కొత్త లెన్స్ తర్వాత. అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షుల కోసమైతే డబుల్ కిట్‌లో (రెండు లెన్సుల పెట్టె) వచ్చే 55-210 ఎంఎం లెన్స్ కూడా దూరానికి చాలదు, ఆర్ఎఫ్ 100-400 నుంచి మొదలుపెట్టాలి.

ఇంత చేసి ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోన్ ఫొటోకూ దీనికీ తేడా కనబడదు, కంప్రెషన్ అంతా పిండేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఆల్బమ్ వేయిస్తే మాత్రం డబ్బు కళ్లకు కనిపిస్తుంది. 6000 × 4000 పిక్సెళ్లు అంటే 12 × 18 అంగుళాల పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) నిండుగా సరిపోతుంది.

కొనేటప్పుడు పెట్టె మీద, బాడీ అడుగున, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఒకటే ఉందో లేదో చూడండి. ఇండియా వారంటీ కార్డు లేకుండా తక్కువ ధర చెబితే కారణం అదే. సెకండ్‌హ్యాండ్ అయితే ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీయండి, ఫొటోను పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. తర్వాత లెన్స్ ఊడదీసి వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, బేరం ఆపేయండి. వానాకాలం నాలుగు నెలలు లెదర్ కేసులో మూసి బీరువాలో పెట్టిన లెన్సులకు పట్టేది ఇదే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో వంద గ్రాముల నీలం సిలికా జెల్ చాలు. గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేసుకోవచ్చు, వంట గిన్నెలో మాత్రం వద్దు.